పేరు చిగురే, కానీ మళ్లీ చిగురించదు

 

పోయినసారి పిల్లల తెలుగు తరగతుల గురించి రాసినాము. చాలామంది ఫోను చేసి మాట్లాడినారు, సంతోషం. ఈసారి పంటి చిగుళ్ల గురించి రాస్తున్నాము. "ఇదేంది, సంఘంలో పండ్ల డాక్టరు సంగతా?" అని కొందరు నవ్వుకోవచ్చు. నవ్వండి, నవ్వేదానికీ పండ్లు కావాలి కదా. నవ్వినాక చివరిదాకా చదవండి.

మన పెద్దవాళ్లలో కంటి పొర ఆపరేషన్ అంటే ఇప్పుడు ఎవరూ భయపడరు. ఒకప్పుడు అదీ పెద్ద భయమే. "ఈ వయసులో కత్తి ఎందుకు, ఉన్నన్నాళ్లు ఉంటాము" అనేవాళ్లు. కంటి శిబిరాలు వచ్చినాయి, నలుగురు చేయించుకొన్నారు, బాగా కనిపిస్తోందని చెప్పినారు, భయం పోయింది. చిగుళ్ల విషయంలో మనం ఇంకా పాత కాలంలోనే ఉన్నాము. చిగురు కిందికి దిగి పంటి వేరు బయటపడితే "వయసయింది, అంతే" అంటాము. ఆ మాట తప్పు. చిగురు దిగేదానికి కారణాలు ఉన్నాయి. చాలావాటిని ఆపవచ్చు, కొన్నిటిని ఆపరేషన్‌తో సరిచేయవచ్చు. సరిచేయలేనివీ ఉన్నాయి. ఏది ఏదో తెలుసుకోకుండా పన్ను పీకించుకోకూడదు, ఆపరేషన్‌కూ ఒప్పుకోకూడదు. మేము చెప్పదలచింది ఇదే. మిగతాదంతా దీనికి వివరమే.

ముందు మాట గురించి ఒక మాట. మన ఇండ్లల్లో పెద్దవాళ్లు దీన్ని ఇగురు అంటారు, పుస్తకం తెలుగులో చిగురు. ఇక్కడి ఆసుపత్రిలో డాక్టరమ్మ తమిళంలో ఈరు అంటుంది. మన తెలుగులో ఈరు అంటే తలలో పేను పెట్టే గుడ్డు, దాన్ని తీసేదానికే ఈరిపెన. డాక్టరమ్మ "ఈరులో వాపు ఉంది" అంటే ఇంట్లో తెలుగు తప్ప వేరేది ఎక్కువ వాడని అవ్వ ఏమనుకొంటుందో ఆలోచించండి. నవ్వు వచ్చే సంగతే, కానీ నొప్పి ఎక్కడుందో చెప్పేదానికి మాట దొరక్క నోరు మూసుకొని వచ్చేసేవాళ్లు మన ఇండ్లల్లో ఉన్నారు. అందుకే పెద్దవాళ్లను ఒంటరిగా పంపకండి.

ఇంకొకటి. మొక్కకు వచ్చే చిగురు, నోట్లో ఉండే చిగురు, రెంటికీ తెలుగులో ఒకటే పేరు. కానీ మొక్క చిగురు తుంచితే మళ్లీ వస్తుంది. నోట్లో చిగురు ఒకసారి దిగితే తనంతట తాను మళ్లీ పైకి రాదు. ఏ నూనె పుక్కిలించినా, ఏ పొడి రాసినా, ఏ పేస్టు వాడినా రాదు. "పదిహేను రోజుల్లో చిగురు పెరుగుతుంది" అని వాట్సాప్‌లో వచ్చే వీడియోలను దయచేసి మన గ్రూపులో పంచుకోకండి.

ఇంతకూ చిగురు దిగితే ఏమవుతుంది? పన్ను పైభాగానికి ఎనామెల్ అనే గట్టి కవచం ఉంటుంది. వేరుకు ఆ కవచం లేదు. దానిమీద ఉండే పొర పలుచన, మెత్తన. వేరును కాపాడేది చిగురూ, దాని కింది ఎముకా. చిగురు దిగితే వేరు బయటపడుతుంది. చల్లనీళ్లు తాగితే జివ్వుమంటుంది, చింతపులుసు తగిలితే జివ్వుమంటుంది. వేరుకు పుచ్చు త్వరగా పడుతుంది. గట్టిగా తోమితే పంటి మెడ దగ్గర గాడి పడుతుంది.

మేము రైల్వేలో గుమాస్తాలమే గానీ, ఇంజనీరింగ్ సెక్షన్ బిల్లులు ఏండ్ల తరబడి రాసినవాళ్లము. వానాకాలంలో పట్టా కింద కంకర కొట్టుకుపోయిందని సమాచారం వస్తే, గ్యాంగు వాళ్లు ముందు చూసేది నీళ్లు ఎక్కడినుంచి వస్తున్నాయని. నీటి దారి మార్చకుండా ఎన్ని బండ్ల కంకర పోసినా మరుసటి వానకు అదీ పోతుంది. అలాగని నీటి దారి మార్చి ఊరుకొంటే పోయిన కంకర తిరిగి రాదు. పోసి తీరాలి. చిగురు సంగతీ ఇంతే. కారణం ఆపేది ఒక పని, పోయిన చోట కప్పేది ఇంకో పని. మొదటిది చేయకుండా రెండోది చేయిస్తే డబ్బు దండగ.

కారణాల్లో మొదటిది గారకట్టు. పంటికీ చిగురుకూ మధ్య పాచి చేరి, గట్టిపడి, రాయిలాగా అతుక్కొంటుంది. దాని చుట్టూ చిగురు వాచి, తోమేటప్పుడు రక్తం వస్తుంది. ఏండ్లు గడిస్తే లోపలి ఎముక కరుగుతుంది. ఎముక తగ్గితే చిగురూ దిగుతుంది. దీన్ని డాక్టర్లు పీరియడాంటైటిస్ అంటారు. నొప్పి పెద్దగా ఉండదు, అదే దీనితో ప్రమాదం. పన్ను కదిలేదాకా చాలామందికి తెలియదు. షుగరు అదుపులో లేనివాళ్లకు ఈ జబ్బు ఎక్కువగా ముదురుతుంది. ఈ జబ్బు ముదిరితే షుగరు అదుపు చేసేదీ కష్టమే.

రెండోది మన తోముడు. చేతికి దొరికిన గట్టి బ్రష్షు తీసుకొని, అడ్డంగా, గిన్నెలు తోమినట్టు తోమేది. గట్టిగా తోమితేనే శుభ్రం అనే నమ్మకం మన తరానికి ఎక్కువ. ఇటుకపొడి, బొగ్గు, ఉప్పు, గరుకు పండ్లపొడి వేలితో రుద్దే అలవాటు కొన్ని ఇండ్లల్లో ఇప్పటికీ ఉంది. వేపపుల్ల చెడ్డది కాదు. కానీ కొన సరిగా నమలకుండా గరుకుగా చిగురు మీద రాస్తే అదీ గాయమే. కుడిచేతివాటం ఉన్న చాలామందికి ఎడమవైపు కోరపన్ను, దాని పక్క పండ్ల దగ్గర చిగురు ఎక్కువగా దిగుతుంది. చేతి బలం ఆ వైపే పడుతుంది గనక. అద్దం ముందు నిలబడి చూసుకోండి.

మూడోది పొగాకు. బీడీ, సిగరెట్టు ఒక రకం. వక్కాకులో పొగాకు కలిపి దవడలో ఒత్తిపెట్టుకొనేది ఇంకో రకం. ఎక్కడ పెట్టుకొంటే సరిగ్గా అక్కడే చిగురు తిని దిగుతుంది. దీనితో నోటి క్యాన్సరు ప్రమాదం ఉండనే ఉంది, ఆ సంగతి వేరుగా చెప్పనక్కరలేదు.

ఇవి కాక పన్ను వరస తప్పి బయటికి ఉండేది, పుట్టుకతో చిగురు పలుచన, పెదవినుంచి వచ్చే నరంలాంటి మడత చిగురును లాగేది, సరిగా అమరని కట్టుడు పండ్ల కొక్కెం ఒరిసేది, ఇలాంటివి ఉన్నాయి. ఇవి వయసుతో సంబంధం లేనివి. ఇరవై ఏండ్ల పిల్లకూ రావచ్చు.

చిగురు దిగినవాళ్లందరికీ ఆపరేషన్ అవసరమా? కాదు. ఈ మాట గట్టిగా చెప్పాలి. కాస్త దిగి, ఏండ్లుగా అక్కడే నిలిచిపోయి, నొప్పి లేక, చూపుకు ఇబ్బంది లేకపోతే కొలిచి రాసిపెట్టుకొని గమనిస్తే చాలు. జివ్వుమంటే దానికి వేరే పేస్టులున్నాయి, డాక్టరు రాసే ఫ్లోరైడ్ పూత ఉంది. పంటి మెడలో గాడి పడితే సిమెంటు పెట్టి పూడుస్తారు. గారకట్టు ఉంటే శుభ్రం చేయాలి, దాన్నే స్కేలింగ్ అంటారు. లోతుగా ఉంటే వేరుదాకా శుభ్రం చేస్తారు.

స్కేలింగ్ గురించి ఒక అపోహ పోవాలి. "క్లీనింగ్ చేయిస్తే పండ్లు లూజు అవుతాయి, సందులు వస్తాయి" అంటారు. సందులను అంతవరకు మూసి ఉంచింది గారకట్టు. అది పోయి, వాచిన చిగురు వాపు తగ్గేసరికి, లోపల ఎముక ఎంత పోయిందో బయట కనిపిస్తుంది. సందు చేసింది డాక్టరు కాదు, జబ్బు. పై పన్ను పీకితే కంటిచూపు పోతుందనే భయమూ ఇలాంటిదే, దానికి ఆధారం లేదు.

ఇప్పుడు ఆపరేషన్ సంగతి. చిగుళ్ల ఆపరేషన్ అని మనం ఒకే మాటతో అనేవాటిలో రెండు వేరువేరు పనులున్నాయి. ఒకటి, చిగురు కింద లోతుగా గుంతలు పడి జబ్బు ముదిరితే, చిగురును కాస్త విప్పి లోపల శుభ్రం చేసి మళ్లీ కుట్టేది. దీన్ని ఫ్లాప్ సర్జరీ అంటారు. ఇది పన్నును నిలబెట్టేదానికి చేసేది. దీని తరువాత చిగురు ఇంకాస్త కిందికి కనిపించవచ్చు, వాపు పోయింది గనక. ముందే తెలియకపోతే "డాక్టరు చెడగొట్టినాడు" అనుకొంటాము. రెండోది, బయటపడిన వేరును మళ్లీ కప్పేది. మేము రాసేది ముఖ్యంగా ఈ రెండోదాని గురించి.

కప్పేదానికి దారులు కొన్ని ఉన్నాయి. కింద చిగురు తగినంత దళసరిగా ఉంటే, దాన్నే కాస్త వదులు చేసి పైకి జరిపి కుడతారు. పక్క పన్ను దగ్గర చిగురు బాగా ఉంటే అక్కడినుంచి పక్కకు జరుపుతారు. ఈ పక్కకు జరిపే పద్ధతి 1956 నుంచే వైద్య పత్రికల్లో ఉంది. చిగురు పలుచనగా ఉంటే నోటి పైకప్పు, అంటే అంగిలినుంచి, పైచర్మం కింద ఉండే కణజాలం పలుచటి ముక్క తీసి, వేరు మీద పరిచి, దానిమీద చిగురును కప్పి కుడతారు. అమెరికాలో లాంగర్ అనే ఇద్దరు దంతవైద్యులు 1985లో ఈ పద్ధతిని వివరించినారు. ఇప్పటికీ ఎక్కువ నమ్మకంగా చేసే పద్ధతుల్లో ఇది ఒకటి. అంగిలినుంచి పైపొరతో సహా ముక్క తీసి నేరుగా అతికించేది ఇంకోటి. కింది ముందు పండ్ల దగ్గర గట్టి చిగురు అసలే లేనప్పుడు ఎక్కువగా ఇది చేస్తారు. దీని రంగు పక్కదానితో కలవదు, అతికినట్టు తెలుస్తుంది. ఇక్కడ పని అందం కాదు, ఇంకా దిగకుండా ఆపేది.

అంగిలినుంచి తీయకుండా వేరే సరుకు వాడేదీ ఉంది. మనిషి దానం చేసిన కణజాలాన్ని శుద్ధి చేసినది, పశువులనుంచి తీసిన కొల్లాజెన్ పొర, మన రక్తమే తీసి తిప్పి చేసే జెల్లీలాంటి పొర, ఇలా. మన ఇండ్లల్లో ఆచారం పాటించేవాళ్లు, శాకాహారులు ఉన్నారు. పంది, ఎద్దు వంటి పశువులనుంచి వచ్చిన సరుకు వద్దనుకొంటే ఆ సంగతి ముందే అడగండి. అడిగేదానికి సిగ్గుపడకండి, అది మీ హక్కు.

ఎవరికి పూర్తిగా కప్పవచ్చు, ఎవరికి కుదరదు? దీనికి డాక్టర్లకు లెక్క ఉంది. 1985లో మిల్లర్ అనే ఆయన నాలుగు తరగతులు చేసినాడు. 2011లో ఇటలీలో కైరో, ఆయనతో పనిచేసినవాళ్లు మూడు తరగతులు చేసినారు. మన భాషలో చెప్పాలంటే ఇంతే: రెండు పండ్ల మధ్య ముక్కోణంగా ఉండే చిగురూ, దాని కింది ఎముకా చెక్కుచెదరకుండా ఉంటే, బయటపడిన వేరును పూర్తిగా కప్పే అవకాశం బాగా ఉంది. మధ్యలోనూ కొంత పోయి ఉంటే కొంతవరకే కప్పవచ్చు. మధ్యలో ఎక్కువగా పోయి, పండ్ల మధ్య నల్ల సందులు పడి ఉంటే పూర్తిగా కప్పేది కుదరదు. అలాంటి నోటికి "మొత్తం కప్పేస్తాము" అని ఎవరైనా మాట ఇస్తే లేచి వచ్చేయండి.

ఇందులో ఒక న్యాయం కనిపిస్తుంది. గట్టిగా తోమి చిగురు దిగినవాళ్లకు, మధ్య ఎముక బాగుంటే, ఫలితం బాగుంటుంది. ఏండ్ల తరబడి గారకట్టును పట్టించుకోక ఎముక పోగొట్టుకొన్నవాళ్లకు ఫలితం తక్కువ. అంటే ఆలస్యానికి వెల ఉంది. "ఇంకా నొప్పి లేదు కదా, చూద్దాము" అనే మాటకు ఎముకతో వెల కడతాము.

ఆపరేషన్ ఎలా ఉంటుందనే భయం అందరికీ ఉంది. చాలావరకు మత్తుసూది ఆ చోటికే వేస్తారు, మెలకువగానే ఉంటారు, అదే రోజు ఇంటికి వస్తారు. అంగిలినుంచి ముక్క తీస్తే ఆ చోటు వారం పది రోజులు మంటగా ఉంటుంది. వేడివేడి రసం, కారం, గట్టి మురుకులు కొన్నాళ్లు వద్దు. మెత్తటి అన్నం, మజ్జిగ, చల్లారిన కూళు మంచిది. కుట్లు ఒకటి రెండు వారాల్లో తీస్తారు. ఆ చోట డాక్టరు చెప్పేదాకా బ్రష్షు పెట్టకూడదు. క్లోర్‌హెక్సిడిన్ అనే మందునీళ్లతో పుక్కిలించమంటారు, దానివల్ల పండ్లకు గోధుమరంగు మరక, నాలుకకు రుచి తేడా కొన్నాళ్లు ఉండవచ్చు, తరువాత పోతుంది. అన్నిటికంటే ముఖ్యం, పెదవి లాగి లాగి చుట్టాలకు చూపించకూడదు. కొత్తగా అతికిన ముక్క కదిలితే పని చెడుతుంది. పొగ తాగేవాళ్లకు ఫలితం తగ్గుతుంది. మానకుండా చేయించుకొంటే నీటి దారి మార్చకుండా కంకర పోసినట్టే.

ఇంకో జాగ్రత్త. గుండెకు, పక్షవాతానికి రక్తం పలుచన చేసే మాత్రలు వేసుకొనేవాళ్లు మనలో చాలామంది ఉన్నారు. ఎముకల బలానికి మాత్రలు, సూదులు తీసుకొనే ఆడవాళ్లు ఉన్నారు. ఆ చీటీలన్నీ పండ్ల డాక్టరుకు చూపించండి. మీ అంతట మీరు ఏ మాత్రా ఆపకండి. ఆపాలా వద్దా అనేది ఆ మాత్ర రాసిన డాక్టరూ, పండ్ల డాక్టరూ మాట్లాడుకొని చెప్పాలి. షుగరు ముందు అదుపులోకి తెచ్చుకోండి.

మనవాళ్లు ఎక్కువగా చెప్పే అడ్డుమాటలు మూడు.

మొదటిది: "మా తాత వేపపుల్లతో తోమి ఎనభై ఏండ్లకు శనగలు నమిలినాడు." నమిలి ఉండవచ్చు. కానీ మనం చెప్పుకొనేది నమిలిన తాతను గురించే. యాభై ఏండ్లకే బోసినోటితో ఉన్న అవ్వను గురించి ఎవరూ గొప్పగా చెప్పరు గనక ఆమె లెక్కలోకి రాదు. పైగా ఆ తాతకు షుగరు ఉండిందా, రోజుకు నాలుగుసార్లు చక్కెర కాఫీ ఉండిందా, అదీ చూడాలి.

రెండోది: "ఈ వయసులో ఎందుకు?" వయసు ఒక్కటే కారణంగా ఈ ఆపరేషన్ వద్దనే వైద్యం లేదు. ఒంటి ఆరోగ్యం, నోటి శుభ్రం, పండ్ల మధ్య ఎముక, ఇవి చూస్తారు. అరవై ఐదు ఏండ్లకు కన్ను బాగుచేసుకోవచ్చు, మోకాలు మార్చుకోవచ్చు, పన్ను మాత్రం వదిలేయాలా?

మూడోది: "పీకేసి ఇంప్లాంట్ పెట్టించుకొంటే పోతుంది." నిలబెట్టే వీలున్న పన్నును పీకేది మంచి వ్యాపారం కావచ్చు, మంచి వైద్యం కాదు. పైగా చిగుళ్ల జబ్బు నయం కాని నోట్లో ఇంప్లాంట్ పెట్టినా దాని చుట్టూ అదే జబ్బు వచ్చి, ఎముక కరిగి, అదీ కదలవచ్చు. నిజంగా నిలవని పన్ను ఉంటుంది, దాన్ని పీకవలసిందే. అది వేరే సంగతి. కానీ అది తేల్చవలసింది ఎక్స్‌రే చూసి, చిగురు లోతు కొలిచి. డిస్కౌంటు బోర్డు చూసి కాదు.

ఈ మూడు మాటల వెనక నాలుగోది ఒకటి ఉంది, ఎవరూ పైకి చెప్పరు. ఇంట్లో ఆడవాళ్ల పండ్లకు డబ్బు పెట్టేది మనకు అలవాటు లేదు. మగవాడి గుండెకు అప్పు చేస్తాము. అమ్మ ఒకవైపే నములుతోందని, చల్లనీళ్లు మానేసిందని, పెండ్లిలో ఫోటో తీస్తే పెదవి మూసుకొంటోందని గమనించము. ఆమె చెప్పదు. గర్భిణిగా ఉన్నప్పుడు చిగుళ్లు వాచేది చాలామందికి జరిగేదే, అప్పటినుంచే చూపించుకోవాలి. "కాన్పుకొక పన్ను పోతుంది" అని సరిపెట్టుకొన్న తరం మనది. మన కోడండ్లు, కూతుండ్లు అలా సరిపెట్టుకోకూడదు.

తమిళంలో ఒక సామెత ఉంది, ఇక్కడ పెరిగినవాళ్లందరికీ తెలిసిందే: పల్లు పోనా సొల్లు పోచ్చు. పన్ను పోతే మాట పోయినట్టే. మేము చదువుకొన్నది తమిళ మీడియం. తెలుగు రాత పెద్దయినాక నేర్చుకొన్నాము. మరి తెలుగు ఎక్కడినుంచి వచ్చింది? అవ్వ నోటినుంచి, అమ్మ నోటినుంచి. మనలో చాలామందికి ఇదే కథ. ఈరోజు మన మనవళ్లు బడిలో తమిళమో ఇంగ్లీషో చదువుతున్నారు, తెలుగు వినేది ఇంట్లో పెద్దవాళ్ల మాటల్లోనే. ముందు పండ్లు పోతే త, ద, స, ఫ ఇవేవీ సరిగా పలకవు. పలకనివాళ్లు తక్కువ మాట్లాడతారు. నలుగురిలోకి రారు. కథ చెప్పమని పిల్లవాడు అడిగితే "పో నాయనా" అంటారు. తరగతులు పెట్టి పిల్లలకు తెలుగు నేర్పాలనుకొంటున్నాము మనం. మంచిదే. ఇంట్లో తెలుగు మాట్లాడే నోరు నిలిచేట్టు చూసేదీ అందులో భాగమే.

తెలుగులో ఇంకో సామెత, పండ్లు ఊడగొట్టుకొనేదానికి ఏ రాయి అయితేనేమి అని. నిజమే. కానీ పండ్లు నిలబెట్టుకొనేదానికి ఏ డాక్టరయినా ఒకటే కాదు. బీడీఎస్ చదివిన డాక్టరు స్కేలింగ్, పుచ్చు, గాడి పూడ్చేది అన్నీ చూస్తారు. చిగురు కప్పే ఆపరేషన్‌కు మాత్రం బీడీఎస్ తరువాత మూడేండ్లు చిగుళ్ల వైద్యంలోనే ఎండీఎస్ చేసినవాళ్లు ఉంటారు. వాళ్లను పీరియడాంటిస్ట్ అంటారు. బోర్డు మీద ఆ మాట చూడండి, లేకపోతే అడగండి.

డబ్బు గురించి. ప్రైవేటు ఆసుపత్రిలో ఒక్కో పన్నుకు లెక్కకట్టి తీసుకొంటారు, చోటును బట్టి చాలా తేడా ఉంటుంది. చాలా మెడికల్ ఇన్సూరెన్సులు ప్రమాదంలో దెబ్బ తగిలితే తప్ప పండ్ల వైద్యానికి ఇవ్వవు, మీ పాలసీ చదివి చూసుకోండి. కానీ ప్రైవేటు ఒక్కటే దారి కాదు. మన రాష్ట్రంలో చెన్నై, చిదంబరం, పుదుక్కోట్టైలలో ప్రభుత్వ దంత కళాశాలలు ఉన్నాయి. చెన్నైలోది కోట రైల్వే స్టేషన్ దగ్గరే, 1953 నుంచి ఉంది. దంత కళాశాల అంటే చిగుళ్లకు వేరే విభాగమే ఉంటుంది. పీజీ చదివే డాక్టర్లు చేస్తారు, ప్రొఫెసర్లు పక్కనుండి చూస్తారు. క్యూలో నిలబడాలి, రెండు మూడుసార్లు తిరగాలి. తిరిగేదానికి మనలో రిటైరయినవాళ్లకు సమయం ఉంది కదా. రైల్వేలో రిటైరయినవాళ్లు ముందు మన రైల్వే ఆసుపత్రి పండ్ల విభాగంలో చూపించి, ఏది అక్కడ చేస్తారో, ఏది బయటికి రాస్తారో అడిగి తెలుసుకోండి.

ఏ డాక్టరు దగ్గరికి వెళ్లినా ఈ ఐదు ప్రశ్నలు అడగండి.

1. నా చిగురు దిగేదానికి కారణం ఏమి? అది ఇప్పుడు ఆగిందా?
2. ఎన్ని మిల్లీమీటర్లు దిగింది, పండ్ల మధ్య ఎముక ఎలా ఉంది? రాసి ఇవ్వండి.
3. ఆపరేషన్ లేకుండా గమనిస్తే ఏమవుతుంది?
4. ఆపరేషన్ చేస్తే పూర్తిగా కప్పుతుందా, కొంతేనా? ఏ పద్ధతి, ఏ సరుకు?
5. మొత్తం ఖర్చు ఎంత, ఎన్నిసార్లు రావాలి?

వీటికి ఓపికగా జవాబు చెప్పే డాక్టరు దొరికితే సగం పని అయినట్టే. విసుక్కొనేవాళ్లయితే ఇంకొకరిని చూడండి.

చివరగా సంఘానికి మా కోరిక. ప్రతి ఏడూ ఉగాదికి వేదిక, మైకు, భోజనాలు ఏర్పాటు చేస్తాము. రక్తపోటు, షుగరు పరీక్ష శిబిరం కూడా పెట్టినాము. ఈసారి దానితోపాటు చిగుళ్ల పరీక్ష పెట్టండి. దగ్గరలోని దంత కళాశాలలకు ఉత్తరం రాస్తే శిబిరానికి డాక్టర్లను పంపే వీలుంటుంది. ఉత్తరం మేము రాసిపెడతాము, అధ్యక్షులూ కార్యదర్శీ సంతకం చేస్తే చాలు. క్లినిక్‌ల ప్రకటనలకు, డిస్కౌంటు కూపన్లకు మాత్రం ఆ రోజు చోటు ఇవ్వకండి. పై ఐదు ప్రశ్నలను తెలుగులోనూ తమిళంలోనూ ఒక కాగితం మీద అచ్చు వేసి పంచుదాము. తెలుగు మాట్లాడగలిగి చదవలేనివాళ్లు మనలో ఎక్కువ గనక తెలుగు మాటనే తమిళ లిపిలోనూ వేయాలి. ఒంటరిగా ఉండే పెద్దవాళ్లకు తోడు వెళ్లేదానికి నలుగురు ముందుకు రావాలి. మా ఇద్దరి పేర్లు మొదట రాసుకోండి, వారానికి ఒకరోజు వస్తాము.

అంతవరకూ ఇంట్లో చేయగలిగింది ఒకటి ఉంది. గట్టి బ్రష్షు పారేసి మెత్తటిది కొనండి. చిగురు వైపుకు కాస్త వాల్చి, చిన్నగా కదిలిస్తూ, పొద్దునా రాత్రీ రెండేసి నిమిషాలు తోమండి. బలం వద్దు. ఈ రాత్రి అద్దం దగ్గరికి వెళ్లి మీ చిగురు చూసుకోండి. తరువాత మీ అమ్మను, అత్తను కూర్చోబెట్టి వాళ్లదీ చూడండి. ఏమి కనిపించిందో కింద రాయండి. సిగ్గయితే ఫోను చేయండి.